స్టార్ట్ అయిన 3 సెకన్లకే ఆగిపోతున్న పెట్రోల్ కారు – ఫ్యూయల్ పంపు మార్చేయమంటున్నారు, సలహా కావాలి

టీసీ పాళ్య వాసి
అందరికీ నమస్కారం. నాది 2013 మోడల్ 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 80 వేల కిలోమీటర్లు దాటింది. సెల్ఫ్ కొట్టగానే ఒక్క దెబ్బకే అందుకుంటుంది, రెండు మూడు సెకన్లు తిరుగుతుంది, ఒకసారి గట్టిగా వణికి ఆగిపోతుంది. మళ్లీ కొడితే మళ్లీ అదే తంతు.

నిన్న హోస్కోటె దగ్గర బంకులో ట్యాంకు ఫుల్ చేయించి బయలుదేరబోతే ఇలా మొదలైంది. వెనక పెద్ద లైను, ఒకటే హారన్లు. బంకు కుర్రాళ్లే బండిని పక్కకి తోశారు. పావుగంట తంటాలు పడ్డాక, యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుంటే నిలబడింది. తర్వాత ఇంటిదాకా ఏ ఇబ్బందీ లేదు. ఈ ఉదయం కూడా మామూలుగానే స్టార్ట్ అయింది.

వీధి చివర షెడ్డులో చూపిస్తే, పంపు వీక్ అయింది, సెట్ మొత్తం మార్చాలి, 9 వేలు అవుతుంది అన్నారు. మా బావేమో పెట్రోల్‌లో నీళ్లు కలిసి ఉంటాయి, ట్యాంకు దించి కడిగించు అంటున్నాడు. పండక్కి అమ్మానాన్నలతో, చంటిపిల్లతో మదనపల్లె వెళ్లాలి. రాయల్పాడు దాటాక ఎక్కడో ఆగిపోతే ఏం చేయాలా అని టెన్షన్‌గా ఉంది. ఇద్దరిలో ఎవరి మాట వినాలో చెప్పండి.

హెబ్బాళ ఫ్లైఓవర్
ముందు డ్యాష్‌బోర్డు మీద తాళంచెవి గుర్తు లైటు చూడు బ్రదర్. దొంగతాళంతో బండి నడవకుండా చూసే ఇమ్మొబిలైజర్ మన తాళాన్ని గుర్తుపట్టకపోతే కొన్ని బళ్లు అచ్చం ఇలాగే చేస్తాయి. ఒకటి రెండు సెకన్లు తిరగనిచ్చి పెట్రోల్ కట్ చేసేస్తాయి. మా ఆఫీసులో ఒకాయన బండికి ఇదే సమస్య. రెండో తాళంతో కొడితే సమస్యే లేదు.

స్పానర్ సెట్
ఇప్పుడే ఏదీ మార్చకండి. బండి ఆగిపోయే తీరులోనే సగం సమాధానం ఉంటుంది. ఇంకొంచెం వివరం కావాలి:

యాక్సిలరేటర్ తొక్కితే నిలబడింది అన్నారు కదా, అది ప్రతిసారీనా, ఒక్కసారేనా? నిలబడ్డాక పెట్రోల్ వాసన వచ్చిందా, సైలెన్సర్‌లోంచి నల్లపొగ వచ్చిందా? ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా ఆగిందా, ఆగి ఉంటే ఎక్కడ, ఏ సందర్భంలో?

ఎందుకు అడుగుతున్నానంటే, పంపు వీక్ అయితే యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ బండి ఇంకా ఇబ్బంది పడాలి. తొక్కితే ఇంజన్‌కి పెట్రోల్ ఎక్కువ కావాలి, ఆ ఎక్కువ ఇవ్వలేకపోవడమే వీక్ పంపు లక్షణం. మీ బండి తొక్కితే బతుకుతోంది. అంటే దానికి కావలసింది గాలి. ఐడిలింగ్‌కి, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరగడానికి సరిపడా గాలి అందక అయినా ఆగుతుండాలి, అవసరానికి మించి పెట్రోల్ పోయి అయినా ఆగుతుండాలి. అందుకే ఆ 9 వేల మాట నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

పలమనేరు డీజిల్
నా డీజిల్ జీపుకి ఒకప్పుడు ఇలాగే జరిగింది. ఫిల్టర్ దగ్గర పైపు బిగింపు వదులై గాలి లాగేసేది. పైపులో మిగిలిన డీజిల్‌తో నాలుగు సెకన్లు తిరిగి ఆగిపోయేది. చేతి పంపు నొక్కి గాలి తీస్తే మళ్లీ పరుగే. పెట్రోల్ బండికి ఇది వర్తించదులెండి. కానీ డీజిల్ బళ్లవాళ్లు కూడా ఈ చర్చ చదువుతారు కదా అని రాశాను.

మల్లేశ్వరం మేడ
మా కారు కూడా కొత్త బ్యాటరీ వేయించిన మర్నాటి నుంచి స్టార్ట్ అయి ఆగిపోయేది. ఇంజన్‌లోకి గాలి వెళ్లే థ్రాటిల్ బాడీలో మసి పేరుకుని ఉంది. గాలి దారి సన్నబడినా ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) ఇన్నాళ్లూ సర్దుకుంటూ వచ్చిందట. బ్యాటరీ వైరు తీసేసరికి ఆ సర్దుబాటు లెక్కలన్నీ చెరిగిపోయాయి. థ్రాటిల్ బాడీ క్లీన్ చేయించి, ఐడిల్ మళ్లీ నేర్పించాక బాగైంది. మీరు ఈమధ్య బ్యాటరీ ఏమైనా మార్చారా? మాది మాత్రం ప్రతి ఉదయం ఆగేది. మీది ఉదయం బాగానే ఉంది అంటున్నారు, అదొక్కటి తేడాగా ఉంది.

టీసీ పాళ్య వాసి
అందరికీ థాంక్స్. తాళంచెవి లైటు కీ ఆన్ చేయగానే వెలిగి ఆరిపోతోంది, మినుకు మినుకుమనడం లేదు. రెండో తాళంతోనూ చూశాను, తేడా లేదు. బ్యాటరీ మార్చి చాలాకాలమైంది.

స్పానర్ సెట్ అన్నా, మీరు అడిగాక మా ఆవిడనీ అడిగి గుర్తు చేసుకున్నాను. కె.ఆర్.పురం వంతెన దగ్గర బంకులో ఒకసారి, అంతకుముందు ఊరినుంచి వస్తూ ముళబాగిలు దగ్గర ఒకసారి ఇలాగే మొరాయించింది. మూడు చోట్లా ట్యాంకు ఫుల్ చేయించాకే! ఐదొందలకో వెయ్యికో కొట్టించినప్పుడు ఎప్పుడూ ఆగలేదు. వాసన మాత్రం ఘాటుగా వస్తుంది, కారులోపలికి కూడా. మొదట కొద్దిగా నల్లపొగ కూడా ఉంటుందని మా ఆవిడ చెప్పింది.

స్పానర్ సెట్
అసలు విషయం ఇప్పుడు బయటపడింది. ఫుల్ ట్యాంకు, బంకు, వాసన, నల్లపొగ, తొక్కితే బతకడం. ఈ ఐదూ కలిస్తే నేను మొదట చూసేది పర్జ్ వాల్వ్.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ట్యాంకులో పెట్రోల్ ఆవిరి ఊరికే గాల్లోకి పోకుండా ఒక డబ్బాలోకి వెళుతుంది. దాన్ని క్యానిస్టర్ అంటారు. లోపలంతా యాక్టివేటెడ్ బొగ్గు గుళికలు. ఆవిరిని అవి పట్టి ఉంచుతాయి. ఇంజన్ వేడెక్కి కుదురుగా నడుస్తున్నప్పుడు, ఈసీయూ పర్జ్ వాల్వ్‌ని కొద్దికొద్దిగా తెరిచి ఆ ఆవిరిని ఇంజన్‌లోకి లాగి కాల్చేస్తుంది. మిగతా సమయమంతా ఆ వాల్వ్ మూసుకుని ఉండాలి.

అది తెరుచుకుని ఇరుక్కుపోయిందనుకోండి. ట్యాంకు నింపేటప్పుడు, పైకి వచ్చే పెట్రోల్ అక్కడున్న ఆవిరినంతా క్యానిస్టర్‌లోకి నెడుతుంది. వెంటనే సెల్ఫ్ కొడితే ఇంజన్ పీల్పుకి ఆ ఆవిరంతా ఒక్కసారిగా లోపలికి వస్తుంది. ఇంజెక్టర్లు ఇచ్చేది ఇస్తూనే ఉంటాయి, దానికి ఈ ఆవిరి అదనం. ఐడిలింగ్‌లో గాలి కొంచెమే కాబట్టి గాలి, పెట్రోల్ మిశ్రమం చిక్కబడి ఆగిపోతుంది. తొక్కితే గాలి పెరిగి మండుతుంది. కాసేపటికి డబ్బాలో ఆవిరి తగ్గి మామూలైపోతుంది. ఉదయం ఎందుకు బాగుందో కూడా దీంతో తేలిపోతోంది.

హెబ్బాళ ఫ్లైఓవర్
బాగానే ఉంది గానీ, పెట్రోల్ సంగతి అంత తేలిగ్గా వదిలేయొద్దు. ఇప్పుడు వచ్చేదంతా 20 శాతం ఇథనాల్. 2013 బండి దానికి తయారైంది కాదు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, నీళ్లు ఎక్కువైతే విడిపోయి అడుక్కి చేరతాయి. పంపు పీల్చేది కూడా అడుగునుంచే.

అంబత్తూరు అన్న
నేను చెన్నైలో ఫ్యూయల్ సిస్టమ్ విడిభాగాల పనిలోనే ఉన్నాను కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

హెబ్బాళ సోదరుడు చెప్పిన ఇథనాల్, నీళ్ల సంగతి నిజమే. కానీ ఆ లక్షణాలు వేరు. ట్యాంకు అడుగున నీళ్లు చేరితే పావుగంటలో దానంతటదే బాగుపడదు. దారిపొడవునా ఎగిరెగిరి పడుతుంది, మర్నాడు ఉదయం ఇంకా మొండికేస్తుంది. పైగా మూడు ఊళ్లలో మూడు బంకులు. మూడు చోట్లా నీళ్లే కలిశాయంటే నమ్మడం కష్టం.

ఇంకో మాట. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది. కాబట్టి అది ఎక్కువైతే పాత బండిలో మిశ్రమం పలచబడుతుంది, ఈసీయూ పెట్రోల్ పెంచాల్సి వస్తుంది. ఈసీయూ లెక్కలు చదివే స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచిందో తగ్గించిందో చూపే అంకె, ప్లస్‌లోకి పోతుంది. ఆవిరి ఎక్కువై చిక్కబడితే ట్రిమ్ మైనస్‌లోకి దిగుతుంది. ప్లస్సా మైనస్సా అన్నది చూస్తే ఈ వాదన ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

అయినా మనసులో అనుమానం ఉంచుకోవద్దు. ల్యాబు సామాన్ల కొట్లో 100 మిల్లీలీటర్ల పైన పట్టే గాజు కొలపాత్ర దొరుకుతుంది. ట్యాంకులోంచి తీసిన పెట్రోల్ 100 మిల్లీలీటర్లు పోసి కాసేపు కదలకుండా ఉంచండి. అడుగున వేరే పొర, మసకా కనిపించకపోతే విడిపోయిన నీళ్లు లేనట్టే. తర్వాత 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మూత బిగించి ఊపి, వదిలేయండి. ఇథనాల్ పెట్రోల్‌ని వదిలి నీళ్లతో కలిసిపోతుంది, అడుగు పొర పెరుగుతుంది. 10 దగ్గర ఉండాల్సిన గీత 30 దగ్గరికి వచ్చిందంటే ఇథనాల్ సుమారు 20 శాతం ఉన్నట్టు. పొర పెరగడం చూసి నీళ్లు కలిపారని బంకువాళ్లతో గొడవకి దిగేవాళ్లున్నారు. నీళ్లు ఉన్నదీ లేనిదీ తేలేది మొదటి పరీక్షలోనే, రెండోది ఇథనాల్ ఎంతుందో చెప్పడానికి మాత్రమే.

మల్లేశ్వరం మేడ
నా దగ్గర ఈఎల్‌ఎమ్ 327 బ్లూటూత్ స్కానర్ ఉంది, శనివారం ఇస్తాను, తీసుకెళ్లండి. ఒక్క మాట అండీ, ఇవన్నీ బేస్‌మెంట్ పార్కింగ్‌లో మాత్రం చేయొద్దు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, కిందనే పేరుకుంటుంది. ఇంజన్ పొగ సంగతి సరేసరి. బయట ఖాళీ స్థలంలో, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని చూసుకోండి. పిల్లని దగ్గరికి రానివ్వకండి.

టీసీ పాళ్య వాసి
అక్కా, చాలా థాంక్స్. పెట్రోల్ పరీక్ష ఈ రోజే చేశాను. పెట్రోల్ పోసి అరగంట ఉంచాను. అడుగున ఏమీ లేదు, తేటగా ఉంది. నీళ్లు పోసి ఊపాక మొదట పాలలా తెల్లబడింది. తర్వాత నెమ్మదిగా విడిపోయి గీత 29 దగ్గర నిలిచింది. మా బావకి చూపించాను. ట్యాంకు దించే మాట మానేశాడు.

అంబత్తూరు అన్న
మంచిది. స్కానర్ పెట్టినప్పుడు ఈ వరస పాటించండి.

ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేసి మ్యాప్ సెన్సర్ (ఇంజన్ గాలి పీల్చే దారిలో పీడనం కొలిచేది) రీడింగ్ చూడండి. అప్పుడది బయటి గాలి పీడనమే చూపాలి. మా చెన్నైలో 101 కిలోపాస్కల్ దగ్గర ఉంటుంది. మీ బెంగళూరు 900 మీటర్లకు పైన ఉంది కాబట్టి 91 దగ్గర రావాలి. ఆ 91 చూసి సెన్సర్ పోయిందని మార్పించినవాళ్లు నాకు తెలుసు. సెన్సర్ బాగానే ఉంటుంది, ఊరు ఎత్తులో ఉంది అంతే. స్టార్ట్ అయ్యాక ఐడిలింగ్‌లో 30, 40 మధ్యకి దిగితే సరిపోతుంది.

స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో ట్రిమ్ చూసి లాభం లేదు. ఆక్సిజన్ సెన్సర్ వేడెక్కేదాకా ఈసీయూ దాని మాట వినదు, ట్రిమ్ సున్నా దగ్గరే ఉంటుంది. తొక్కి పట్టుకుని ఒకటి రెండు నిమిషాలు బతికించి, అప్పుడు చూడండి.

మరో జాగ్రత్త. చాలామంది పర్జ్ పైపు ఊడదీసి, వేలు పెట్టి చూసి, లాగుతోంది కాబట్టి వాల్వ్ పోయింది అని తేల్చేస్తారు. ఇంజన్ వేడి మీదుంటే ఈసీయూ కావాలనే వాల్వ్ తెరిచి ఉండొచ్చు. కాబట్టి వాల్వ్‌కి వెళ్లే కరెంటు సాకెట్ పీకేసి చూడాలి. కరెంటు లేకపోతే అది మూసుకోవాలి. అప్పుడు కూడా క్యానిస్టర్ వైపు గొట్టం దగ్గర పీల్పు తెలుస్తోందంటే ఇరుక్కుపోయినట్టు.

స్పానర్ సెట్
అన్న చెప్పిందే నా మాట కూడా. నాది ఇంకొకటి: వాల్వ్ నుంచి క్యానిస్టర్‌కి పోయే రబ్బరు గొట్టానికి గుడ్డ చుట్టి, ముక్కు పట్టకారుతో నొక్కి పట్టండి. వణుకు ఆగితే ఇక వెతకాల్సింది లేదు. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు చేస్తే తేడా కనిపించకపోవచ్చు. మళ్లీ ఫుల్ చేయించి, బంకు ఆవరణ దాటి దూరంగా తోసుకెళ్లి చూడండి. బంకులోపల బానెట్ ఎత్తొద్దు.

టీసీ పాళ్య వాసి
చేశాం. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుందని.

ఆదివారం పొద్దున్నే, రద్దీ లేనప్పుడు ఓల్డ్ మద్రాస్ రోడ్డులో బంకుకి వెళ్లి ఫుల్ చేయించాను. బావ, నేను కలిసి బయటికి తోసుకొచ్చి, పక్కనున్న ఖాళీ స్థలంలో పెట్టాం. స్కానర్ తగిలించాను. కీ ఆన్‌లో మ్యాప్ సరిగ్గా 91! ఎర్రర్ కోడ్లలో పీ0172 ఒక్కటే, అదీ పెండింగ్‌లో. మిశ్రమం చిక్కబడిందని దాని అర్థం.

సెల్ఫ్ కొట్టాను. అందుకుంది, వణికింది, ఆగింది. రెండోసారి తొక్కి పట్టుకున్నాను. రెండు నిమిషాల తర్వాత వదిలితే చావుబతుకుల్లో 600 దగ్గర తిరుగుతోంది. షార్ట్ టర్మ్ ట్రిమ్ మైనస్ 23. బావ గొట్టాన్ని పట్టకారుతో నొక్కాడు. నేను స్క్రీన్ చూస్తున్నాను. మైనస్ 23, మైనస్ 17, మైనస్ 9... చివరికి మైనస్ 3 దగ్గర నిలబడింది. ఆర్‌పీఎమ్ 750 మీద నిలకడగా ఉంది. పట్టకారు వదిలితే కొన్ని క్షణాల్లో మళ్లీ వణుకు. నాలుగైదుసార్లు చేయించాను, ప్రతిసారీ అంతే. చివరికి సాకెట్ పీకి చూశాం. పీల్పు అలాగే ఉంది.

ఇంజన్ చల్లారాక వాల్వ్ ఊడదీశాను. రెండు బోల్టులే. ఒకవైపు గొట్టం తొడిగి గాలి ఊదితే ఇటునుంచి అటు సాఫీగా పోతోంది. తెల్లకాగితం మీద తట్టితే నల్లటి గుళికలు రాలాయి. ఆవగింజ కంటే చిన్నవి, వేలితో నలిపితే మసి అంటుకుంది. ఫొటో పెట్టాను చూడండి.

స్పానర్ సెట్
అవి క్యానిస్టర్ లోపలి బొగ్గు గుళికలు. డబ్బాలో వాటిని ఆపే జల్లెడ తెగినట్టుంది. వాల్వ్ ఒక్కటే మారిస్తే మళ్లీ ఇవే వచ్చి ఇరుక్కుంటాయి. క్యానిస్టర్ కూడా మార్చండి. మధ్య గొట్టంలో మిగిలిన గుళికల్ని గాలి కొట్టించి పూర్తిగా తీసేయించండి. విడిభాగాల కోసం జేసీ రోడ్డుకి వెళ్తే పాత వాల్వ్ చేత్తో పట్టుకెళ్లండి, ఛాసీ నంబరు ఫోన్లో ఉంచుకోండి. ఒకే మోడల్లో ఏడాదిని బట్టి వాల్వ్ మారుతుంది. చూడ్డానికి ఒకేలా ఉన్నా సాకెట్ కూర్చోదు.

హెబ్బాళ ఫ్లైఓవర్
క్యానిస్టర్ దొరికేదాకా గొట్టం బిగించి మూసేసి నడిపితే? చాలామంది అలాగే తిరుగుతున్నారు.

అంబత్తూరు అన్న
షెడ్డుదాకా వెళ్లడానికి పర్వాలేదు. శాశ్వతంగా వద్దు. ఆవిరిని ఇంజన్ లాగేసుకోకపోతే క్యానిస్టర్ నిండిపోయి పెట్రోల్ ఆవిరి బయటికి వస్తుంది. వాసన, కాలుష్యం, ఎండాకాలం మూసిన పార్కింగ్‌లో ప్రమాదం కూడా. చంటిపిల్ల ఉన్న ఇంట్లో అసలు చేయకూడని పని.

క్యానిస్టర్ ఎందుకు పాడవుతుందో కూడా చెప్పుకోవాలి. బంకులో నాజిల్ టక్కుమని దానంతటదే ఆగుతుంది. అక్కడితో ఆపేయాలి. రౌండ్ ఫిగర్ కోసమో, మెడదాకా నింపుదామనో ఇంకా నొక్కుతూ పోతారు. ఆవిరికోసం వదిలిన ఖాళీ నిండిపోయి, పెట్రోలే గొట్టం గుండా క్యానిస్టర్‌లోకి చేరుతుంది. బొగ్గు తడిస్తే ఆవిరి పట్టుకోలేదు, గుళికలు చిట్లి పొడి అవుతాయి. లోపలికొచ్చి ఇరుక్కునేది ఆ పొడే. మా దగ్గరికి పరీక్షకి వచ్చే పాత క్యానిస్టర్లలో కొన్నిటిని చేత్తో ఎత్తితేనే తెలిసిపోతుంది, లోపల పెట్రోల్ కదులుతూ ఉంటుంది. రౌండ్ ఫిగర్ కావాలంటే డబ్బు చెప్పి కొట్టించుకోండి, ఫుల్ కావాలంటే మొదటి టక్కు దగ్గర ఆపమనండి.

మల్లేశ్వరం మేడ
ఇది మా ఇంట్లో అందరికీ చెప్పాను. మా మామగారు ప్రతిసారీ బండి ఊపి మరీ నింపిస్తారు.

టీసీ పాళ్య వాసి
వాల్వ్, క్యానిస్టర్ రెండూ మారాయి. క్యానిస్టర్ వెనక ట్యాంకు పక్కన ఉంది, దాన్ని మాత్రం షెడ్డులోనే మార్పించాను. కూలితో కలిపి పంపుకి చెప్పిన దాంట్లో సగం కూడా కాలేదు. ఆ మెకానిక్‌కి కూడా ట్రిమ్ రీడింగులు, గుళికలు చూపించాను. ఆసక్తిగా విన్నారు, తనూ ఒక స్కానర్ కొంటానన్నారు.

ఫుల్ చేయించి మదనపల్లె వెళ్లి వచ్చాం. మొదటి టక్కు దగ్గరే ఆపించాను. బంకులోనే సెల్ఫ్ కొట్టాను, 750 మీద కదలకుండా నిలబడింది. ఐడిలింగ్‌లో ట్రిమ్ మైనస్ 2, ప్లస్ 3 మధ్య ఆడుతోంది. వాసన పూర్తిగా పోయింది. అందరికీ రుణపడి ఉంటాను. అక్కా, స్కానర్ ఆదివారం తెచ్చిస్తాను.

హోరమావు కొత్త మెంబర్
అన్నలూ, నాదీ ఇలాంటిదే అనుకుని మొత్తం చదివాను. కానీ నా బండి పొద్దున బాగుంటుంది. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో గంట నిలబడ్డాక ఉన్నట్టుండి ఆగిపోతుంది. సెల్ఫ్ తిరుగుతుంది గానీ అందుకోదు. అరగంట చల్లారనిస్తే మళ్లీ మామూలే. వాసన లేదు, పొగ లేదు. నాది కూడా పర్జ్ వాల్వేనా?

స్పానర్ సెట్
కాదనే అనిపిస్తోంది. మీ లక్షణాలు చూస్తే ఇంజన్ తిరగడాన్ని పసిగట్టి ఈసీయూకి చెప్పే క్రాంక్ సెన్సర్ మీదికి పోతోంది అనుమానం. వేడికి లోపలి చుట్ట తెగినట్టయి, చల్లారాక మళ్లీ కలుస్తుంది. స్కానర్ తగిలించి ఉంచుకోండి. ఈసారి ఆగినప్పుడు సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎమ్ చూడండి. ఇంజన్ తిరుగుతున్నా స్క్రీన్ మీద సున్నానే ఉంటే సెన్సర్ గానీ దాని వైరు గానీ. పీ0335 కోడ్ పడితే ఇంకా నమ్మకం. ఆర్‌పీఎమ్ 200, 300 చూపిస్తూ కూడా అందుకోకపోతే, వెనక సీటు దగ్గర చెవి పెట్టించి కీ ఆన్ చేయగానే పంపు రెండు సెకన్లు మోగుతుందో లేదో వినండి. మోగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే చూసి, చివర్లో పంపు దగ్గరికి రండి. వేరే సమస్య కాబట్టి కొత్త చర్చ మొదలుపెట్టి, మోడల్, ఏడాది, కిలోమీటర్లు రాయండి. అక్కడ చూద్దాం.